వెనుదిరగడమూ తవక్కులే

మండపేట నుంచి రాజమండ్రి మీదుగా పాపికొండల విహారానికి వెళ్లడం మనకు కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. 70 మందికి పైగా ఎక్కితే, 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు.

పోయినవారిని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. ఆ రేవులో మనమే ఉంటే ఆగిపోయేవాళ్లమా? డబ్బు కట్టేశాం, పిల్లలు ఆశపడ్డారు, అందరూ ఎక్కుతున్నారు, సరంగుకు నది తెలుసు! మంచు చరియలు విరిగిపడే కొండల్లో స్కీయింగ్ చేసేవారినీ ఇలాంటి ఆలోచనలే మోసగిస్తాయి. అందుకే వారిలో వివేకవంతులు ముందే ఒప్పందం చేసుకుంటారు: ఒక్కరు వద్దన్నా జట్టంతా వెనక్కి.

"రాసిపెట్టి ఉన్నదే జరుగుతుంది" అని మనం తఖ్దీర్ చాటున దాక్కుంటాం. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ ప్లేగు ఉందని విని, సహచరులను సంప్రదించి, వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామన్నారు.

కాబట్టి సోదరులారా! రేవులో మీ ఇల్లాలో, పసివాడో "భయంగా ఉంది" అంటే ఎగతాళి చేయకండి. ఆ మాట విని ఆగే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.