పదకొండో నంబరు హెచ్చరిక

తప్పనిసరి ఆపరేషన్‌కు ముందు మనిషికి భయం ఉంటుంది గానీ సందేహం ఉండదు. అపెండిక్స్ పగిలేలా ఉందని డాక్టరు చెబితే ఎవరూ మంచిరోజు కోసం చూడరు. ఇంట్లోవాళ్లు ‘తప్పదు కదా’ అంటారు. ఆ ఒక్క మాటతో సగం బరువు దిగిపోతుంది. మన ఊళ్లలో ఓదార్పంతా దాని మీదే నిలబడి ఉంది. ప్రసవానికీ అదే, ప్రమాదానికీ అదే, చావుకూ అదే.

నాకు జరగబోయే ఆపరేషన్‌కు ఆ ఆసరా లేదు. నా దవడ వల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు. ఇన్నేళ్లూ దాంతోనే తిన్నాను, మాట్లాడాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచుతున్నాను. కోత వద్దనుకుంటే ఇలాగే బతికేయగలను. చేయించుకుంటానని చెప్పింది నేనే. అందుకే రాత్రిళ్లు వచ్చి కూర్చునే ఈ గుబులుకు బాధ్యులుగా చూపించడానికి నాకు ఇంకెవరూ లేరు.

నాది ముందుకు పెరిగిన కింది దవడ. నోరు మూస్తే పై పళ్లు కింది పళ్ల వెనక్కి పడతాయి, ముందు సందు మిగిలిపోతుంది. మామిడికాయ ముక్క కొరకలేను. చేపల పులుసులో ముల్లు ఏరడం మా నెల్లూరు వాళ్లకు నాలుకా పళ్లూ కలిసి చేసే పని, నాకు మాత్రం వేళ్ల పని. నమలడమంతా వెనక దంతాల మీద పడి అవి అరిగాయి. చెవి ముందున్న కీలు పొద్దున లేవగానే నొప్పి పెడుతుంది. అయినా మా పెద్దమ్మ అడిగిన ప్రశ్న న్యాయమైనదే: “ఇన్నాళ్లూ దాంతోనే తింటా ఉండావు గదమ్మా, ఇప్పుడెందుకు ఈ కోత?”

నిజానికి ఇది పెద్దవాళ్ల ఆపరేషనే. ఎముక ఎదుగుదల ఆగితే గానీ దవడను సరిచేయరు. ఆడపిల్లలకు పదహారు పదిహేడేళ్లు, మగపిల్లలకు పద్దెనిమిది దాటాలి. ఎదుగుతున్న వయసులో చేస్తే దవడ మళ్లీ ముందుకు రావచ్చు. ఆపరేషన్‌కు ముందు ఏడాదికి పైగా క్లిప్పులు వేస్తారు. ఈ దశలో ఓ విచిత్రం జరుగుతుంది. ఇన్నేళ్లుగా వంకర దవడకు సర్దుకుపోయి పళ్లు ఒరిగిపోయి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెడతాయి. దాంతో లోపం దాగడం మానేసి పూర్తిగా బయటపడుతుంది. బాగుపడాలని మొదలుపెట్టినవాళ్లకు అద్దంలో ముఖం మునుపటికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. వెనక్కి పోదామంటే దారి ఉండదు, ముందుకు పోదామంటే ధైర్యం చాలదు. ఆందోళన బలపడేది ఇక్కడే.

డెన్మార్క్ తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1844లో ఆందోళన గురించి ఒక పుస్తకమే రాశాడు. భయానికి ఎదురుగా ఫలానా వస్తువు ఉంటుందనీ, ఆందోళనకు అలాంటిదేమీ ఉండదనీ, ఎంచుకోగలిగే స్వేచ్ఛే దానికి మూలమనీ ఆయన వాదన. నా విషయంలో అది అక్షరాలా నిజం. దేనికి భయపడుతున్నావని మావారు అడిగితే చెప్పడానికి పేరు దొరకలేదు. పేరు దొరకకపోవడమే అసలు జబ్బని నాకు అర్థమైంది పుస్తకాల వల్ల కాదు, సముద్రం వల్ల.

మైపాడు దగ్గర పుట్టినదాన్ని. మా తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి ఇంటి చెవీ రేడియో వైపే ఉండేది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాన్లు మా పెద్దవాళ్ల లెక్కలో సంవత్సరాలకు పేర్లయిపోయాయి. ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలకు ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లున్నాయి. ఒకటో నంబరు అంటే సముద్రంలో ఎక్కడో దూరంగా వాయుగుండం ఉందని. మూడు అంటే రేవులోనే ఈదురుగాలులు వీస్తాయని. పది అంటే మహా ప్రమాదం, తుఫాను రేవు మీదుగా గానీ ఆనుకొని గానీ దాటబోతోందని. పదో నంబరు తర్వాత ఇంకేం మిగిలింది అనిపిస్తుంది. మిగిలింది. పదకొండో నంబరు గాలి ఉధృతి గురించి చెప్పదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని మాత్రమే చెబుతుంది. తుఫాను ఎక్కడుందో, ఎటు కదులుతోందో కబురు లేదని దాని అర్థం. సముద్రాన్ని ఎరిగినవాళ్లు ఆ కబురు లేకపోవడాన్ని మహా ప్రమాదానికి కూడా పైమెట్టు మీద ఉంచారు.

ఆపరేషన్ ముందు రాత్రిళ్లు నాలో ఎగిరే జెండా ఆ పదకొండోదే. దాన్ని దించడానికి ధైర్యవచనాలు పనికిరావు. తెగిన సంబంధాన్ని కలపాలి, కబురు తెప్పించుకోవాలి. అందుకని నా గుబులును ముక్కలుగా విడదీసి ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కా ప్రశ్నగా మారింది. ప్రశ్నగా మారిన ప్రతిదానికీ ఎక్కడో ఒక జవాబుదారు ఉన్నాడని తేలింది.

మొదటిది మత్తు. మత్తులోకి పోయినదాన్ని తిరిగి వస్తానా అన్నది. ఈ భయానికి మన తెలుగు నేల మీదే చరిత్ర ఉంది. క్లోరోఫాం వాడకంలోకి వచ్చాక కొందరు ఆపరేషన్ బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండా, ఊపిరా అన్నది వైద్యులు తేల్చుకోలేకపోయారు. ఆ ప్రశ్న మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండో కమిషన్‌కు ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే అక్కడ రోగులకు క్లోరోఫాం ఇచ్చింది. మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన ప్రపంచపు తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు. ఊపిరిని కనిపెట్టి చూడమని కమిషన్ తేల్చింది. క్లోరోఫాం గుండెను కూడా నేరుగా ఆపగలదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. నేటి థియేటర్లో ఊపిరి, నాడి, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ అన్నిటినీ ఒకే మనిషి కన్నార్పకుండా చూస్తూ ఉండడం వెనక ఇంత వెతుకులాట ఉంది. నాకన్నా ముందు భయపడినవాళ్లు తమ భయాన్ని ప్రశ్నగా మార్చి వదిలారు. జవాబు నాకు అందింది.

మా మత్తు డాక్టరు గారు ఊపిరి గొట్టాన్ని ముక్కులోంచి వేస్తామన్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఎందుకలా అని అడిగాను. ఎముక జరిపాక పలువరస సరిగ్గా కలిసిందో లేదో నోరు మూసి చూసుకోవాలి, నోట్లో గొట్టం ఉంటే అది కుదరదు అన్నారు. కారణం తెలిశాక ఆ ఊహలోని క్రూరత్వం పోయింది.

రెండోది ఎముక. కింది దవడను వెనక దంతాల పక్కన రెండు వైపులా పలకలుగా నిలువునా చీల్చి, ముందు భాగాన్ని వెనక్కి జరిపి, టైటానియం రేకులతో మరలతో బిగిస్తారు. పనంతా నోటి లోపలి నుంచే, చాలావరకు ముఖం మీద గాటు పడదు. ఈ పద్ధతిని ఆస్ట్రియా సర్జన్ హ్యూగో ఓబ్‌వెగెసర్, తన గురువు రిచర్డ్ ట్రౌనర్‌తో కలిసి 1950ల్లో వెలుగులోకి తెచ్చాడు. అంతకు వందేళ్ల ముందు, 1849లోనే, అమెరికాలో సైమన్ హల్లిహెన్ అనే వైద్యుడు కాలిన గాయంతో వంకరపోయిన ఒక యువతి కింది దవడను కోసి సరిచేశాడు. పై దవడను కూడా జరపాల్సిన వాళ్లలో దాన్ని పూర్తిగా విడదీస్తే ఆ ముక్కకు రక్తం అందుతుందా, ఎముక చచ్చిపోతుందా అన్నది చాలాకాలం సర్జన్లనే వేధించిన భయం. అంగిలి, చిగుళ్ల కండ గుండా రక్తం అందుతూనే ఉంటుందని విలియం బెల్ కోతుల మీద చేసిన పరిశోధనలతో నిరూపించాడు. పూర్వం దవడలను తీగలతో ఆరు వారాల దాకా బిగించి కట్టేసేవారు. ఇప్పుడు రేకులు, మరల వల్ల చాలామందికి రబ్బర్లే సరిపోతున్నాయి. అవసరం పడితే తీసేయడానికి కత్తెర మంచం పక్కనే ఉంచుతారు. ఊపిరాడక పోతానేమోనన్న నా పీడకలకు ఆ చిన్న కత్తెరే మందు.

మూడోది స్పర్శ. కింది దవడ ఎముక లోపలి నుంచి ఒక నరం గడ్డం దాకా పోతుంది. కోత దాని పక్కగానే నడుస్తుంది. ఆపరేషన్ తర్వాత కింది పెదవి, గడ్డం మొద్దుబారడం మామూలే. చాలామందికి వారాల్లో, నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది. కొందరికి కొంత మొద్దుతనం శాశ్వతంగా ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. ఇది తీపి కబురు కాదు. అయినా విన్నాక నాకు నిద్ర పట్టింది. పెదవిని కదిలించే నరం వేరు, స్పర్శ తెలిపే నరం వేరు అని కూడా అప్పుడే తెలిసింది. నవ్వగలను. ముద్దు పెట్టుకున్నప్పుడు నా చిన్నవాడి బుగ్గ కొన్నాళ్లు నా పెదవికి సరిగా తెలియకపోవచ్చు. ఈ ధర చెల్లించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చే విషయం కాదు. తూచి చూసుకున్నాను, చెల్లిస్తానని నిర్ణయించుకున్నాను.

ఇలా అడగడం మొండితనం కాదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. చికిత్స ఏమిటి, ఎందుకు, దాని లాభమేమిటి, వేరే దారి ఉందా, గట్టి ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి తెలియజేసి తీసుకున్న సంతకమే అంగీకారం. ఆ జాబితాను నా నోటుపుస్తకం పక్కన పెట్టి చూసుకున్నాను. అర్ధరాత్రి నన్ను లేపిన ప్రశ్నలూ న్యాయస్థానం రోగి హక్కుగా చెప్పిన విషయాలూ దాదాపు ఒకటే.

ఆ తర్వాతి రోజుల గురించి కూడా ముందే చెప్పించుకున్నాను. రెండు మూడు రోజులకు వాపు బాగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. వారాల తరబడి జావ, పలచని పప్పుకట్టు, మెత్తగా మెదిపిన అన్నం. ఎందుకు చేయించుకున్నానా అన్న దిగులు చాలామందికి మొదటి వారాల్లో వస్తుందట. ముందే తెలిసిన దిగులు ఇంటికి వచ్చినా పెత్తనం చేయలేదు.

అన్నిటికీ జవాబుదారులు దొరికాక ఒక్కటి మాత్రం ఎవరి వాకిటా పెట్టలేనిది మిగిలింది. ఈ దవడ మా నాన్నది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా పట్టపుపాళెంలో ముసలివాళ్లు నన్ను చూసి ఇప్పటికీ ఆయన పేరు పెట్టి పిలుస్తారు. ఆ గుర్తింపును ఆసుపత్రిలో వదిలేసి వస్తున్నానా? సర్జన్ దీనికి జవాబు చెప్పలేడు. నేనే చెప్పుకోవాలి. నాన్న సముద్రం మీద బతికిన మనిషి. వేటకు పోయే ముందు రేడియో వినేవాడు, తిరిగొచ్చిన ప్రతి పడవవాడినీ అడిగేవాడు. ‘గాలి ఎటుంది, నీళ్లు ఎట్టుండాయి, వలలో ఏం పడింది’ అని అడగడానికి చిన్నతనం పడేవాడు కాదు. విన్నాక పోవాలో వద్దో తానే తేల్చుకునేవాడు. వేటకు పోయిన రోజున మళ్లీ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. దవడ నేను కోరకుండా ఆయన నుంచి వచ్చింది. అడిగి తెలుసుకుని తేల్చుకోవడం నేను కోరి తీసుకున్నది. ఎముక కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగినంత మాత్రాన అది నన్ను విడిచిపోదు. ఈ జవాబుతో నా భయం పూర్తిగా పోలేదు. పోనక్కర్లేదు కూడా. మోయగలిగినంతకు తగ్గింది, అంతవరకు చాలు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తుంటే, పెద్ద వయసులో ఇవన్నీ ఎందుకని అనకండి. ‘భయపడకు’ అని కూడా చెప్పకండి. ఆ మాట వినగానే వాళ్లు తమ ప్రశ్నల్ని మింగేస్తారు. పక్కన కూర్చుని దేనికి భయమో అడగండి. చెప్పిన ప్రతి మాటా కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరకు కలిసి వెళ్లండి. అన్నిటికీ జవాబు విన్నాకే సంతకం పెట్టనివ్వండి.