డాప్లర్ స్కాన్‌కు ముందు రాత్రి

చదవవలసిన భాగం: కీర్తన 139, మార్కు 5:25-34

కాలి వాపు తగ్గడం లేదనో, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయనో వెళ్తే డాక్టరు డాప్లర్ స్కాన్ రాస్తారు. ధ్వని తరంగాలతో నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష అది. సూది ఉండదు, కోత ఉండదు, ఎక్స్‌రేకు ఉండే రేడియేషన్ కూడా ఉండదు. అయినా ముందు రాత్రి నిద్ర పట్టదు. లోపల ఏం బయటపడుతుందోనని భయం.

దేవుడు తనను పరిశోధించి తెలుసుకున్నాడన్న మాటతో దావీదు 139వ కీర్తన మొదలుపెడతాడు. ముగించే చోట, మళ్లీ పరిశోధించమని తానే అడుగుతాడు. చూసేవాడు తన మేలు కోరేవాడని నమ్మినవాడే అలా అడగగలడు. స్కాన్ కొత్తగా ఏ జబ్బునూ తెచ్చిపెట్టదు. ఉన్నదేదో చూపిస్తుంది, అంతే. కనబడితేనే కదా వైద్యం!

పరగడుపున వెళ్లాలా అని చాలామందికి సందేహం. కాళ్లకో మెడకో తీసే డాప్లర్‌కు మామూలుగా అక్కర్లేదు. పొట్టలోని పెద్ద ధమనిని, కిడ్నీలకు వెళ్లే నాళాలను చూడాలంటే మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినవద్దంటారు. పేగుల్లో గ్యాస్ నిండి ఉంటే ధ్వని తరంగాలు దాన్ని దాటి పోలేవు, వెనకున్న నాళం కనిపించదు. ఈ సంగతి తెలిశాక మన శుక్రవారపు ఉపవాస ప్రార్థన నాకు మరింత బాగా అర్థమైంది. దేవునికీ మనకూ నడుమ నిండిపోయినదాన్ని తీసేయడానికే అక్కడా కడుపు మాడ్చుకుంటాం.

పరగడుపు అన్నారు గదా అని మందులు మాత్రం మానేయకండి. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చా, షుగరు మందు, ఇన్సులిన్ సంగతేమిటి అని ముందే డాక్టరును అడగండి. రక్తం పలచబడే మాత్రలను సొంతంగా ఆపకండి. ప్రార్థన చేసుకున్నాం కాబట్టి మాత్ర అక్కర్లేదనుకోవడం విశ్వాసం కాదని నా గట్టి అభిప్రాయం. వదులు బట్టలు వేసుకోండి, పట్టీలు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి, పాత రిపోర్టులు, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

గదిలో చల్లటి జెల్ రాసి, గజ్జ దగ్గర నుంచి చీలమండ దాకా ప్రోబును జరుపుతూ, మధ్యమధ్య గట్టిగా నొక్కుతారు. బాగున్న సిర ఆ ఒత్తిడికి మూసుకుపోతుంది. గడ్డ కట్టి ఉంటే మూసుకోదు. తెర మీద ఎరుపు, నీలం చూసి కంగారు పడకండి. రక్తం ప్రోబు వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే ఆ రంగులు చెప్తాయి. మిషన్లోంచి ఉస్సు ఉస్సుమని వినిపించేది మీ రక్తం పారుతున్న చప్పుడు. తల్లి గర్భంలో మొదలైన ఆ ప్రవాహాన్ని ఈ రాత్రి కూడా దేవుడే నడిపిస్తున్నాడు.

ఈ పరీక్షకు ఆధారమైన సూత్రాన్ని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో ప్రకటించింది నక్షత్రాల వెలుగును గురించి. 147వ కీర్తనలోనూ గాయాలు కట్టే దేవుడు, నక్షత్రాలను లెక్కించే దేవుడు పక్కపక్క వచనాల్లోనే కనిపిస్తాడు.

మార్కు సువార్తలోని స్త్రీ పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడింది. ఉన్నదంతా వైద్యులకే ఖర్చుపెట్టింది. ఎవరికీ తెలియకుండా యేసు వస్త్రం ముట్టి వెళ్లిపోదామనుకుంది. యేసు ఆగి అడిగితే, వణుకుతూ వచ్చి జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆయన కోప్పడలేదు, కుమారీ అని పిలిచాడు. డాక్టరు దగ్గర మనమూ అలాగే చెప్పాలి. బీడీ అలవాటు ఉందని, మాత్రలు మధ్యలో మానేశామని, నొప్పి ఎన్నాళ్లుగా దాచుకున్నామో కూడా.

ఒక్క మాట. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే నూనె పెట్టి మర్దన చేయకండి. స్కాన్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లాక ప్రార్థన చేసుకోవచ్చు, దారిలోనూ చేసుకోవచ్చు.

ప్రార్థన: ప్రభువా, నాలో దాగినదంతా నీకు తెలుసు. రేపు నన్ను చూసే డాక్టరు కంటికి, చేతికి తోడుగా ఉండు. ఏది బయటపడినా దానికి వైద్యం చేయించుకునే ధైర్యమియ్యి. ఆమెన్.