వేతనమును వేదనయు

అమెరికాదేశమునందలి నెబ్రాస్కా రాష్ట్రమునకు రాజధానియైన లింకన్ నగరమున విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ప్రాంగణమొకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన కొలదికాలమునకు, 1923లో, యుద్ధములలో నేలకొరగిన ఆ రాష్ట్రపు బిడ్డల స్మారకముగా దానిని కట్టిరి. దాని గోడలపై చెక్కవలసిన వాక్యములను కూర్చియిచ్చినవాడు క్రీడాకారుడు కాడు, రాజకీయవేత్తయు కాడు. ఆ విశ్వవిద్యాలయమునందే తత్త్వశాస్త్రమును బోధించిన ఆచార్యుడు హార్ట్‌లీ బర్ అలెగ్జాండర్. గెలుపునందు గాక ఆడిన తీరునందే గౌరవమున్నదను భావమును ఆయన నైరృతి మూలనున్న శాసనమున నిక్షేపించెను. భగవద్గీత రెండవ అధ్యాయమును పారాయణము చేసిన తెలుగువానికి అది చిరపరిచితమైన మాటయే. నూరేండ్లుగా ఆ గోడల ప్రక్కగా నడచి లోనికి పోవుచున్న జనులు తమ కోచ్‌లను దేనినిబట్టి తూచుచున్నారో చూచినపుడు మాత్రము, ఒప్పుకొనుటకు సులభమైన సత్యము ఆచరించుటకు ఎంత దుర్భరమో బోధపడును.

అట్లు తూచబడిన కోచ్‌లలో నొకడైన స్కాట్ ఫ్రాస్ట్ ఆ నేలకు పరాయివాడు కాడు. వుడ్ రివర్ అను చిన్న ఊరిలో పెరిగినవాడు, తల్లిదండ్రులిరువురును క్రీడాశిక్షకులే, తల్లి 1968 ఒలింపిక్ క్రీడలలో డిస్కస్ విసరిన వనిత. ఆ విశ్వవిద్యాలయమునకు 25 ఏండ్లు ప్రధాన కోచ్‌గా నుండి 255 విజయములు గడించిన టామ్ ఆస్‌బోర్న్ తన కడపటి జట్టును 1997లో నడపినపుడు దానికి క్వార్టర్‌బ్యాక్, అనగా మైదానమున ఆటను నడపువాడు, ఈ ఫ్రాస్టే. ఆడిన 13 ఆటలను గెలిచి ఆ జట్టు జాతీయ విజేత యను పేరును మిచిగాన్‌తో పంచుకొనెను. పిమ్మట తానే కోచ్ అయి, 2015లో 12 ఆటలాడి పన్నెండును ఓడిన సెంట్రల్ ఫ్లోరిడా జట్టును చేపట్టి, రెండేండ్లలో 13 ఆటలకు పదమూడును గెలిపించినాడు. అట్టివానిని సొంత ఊరు పిలువకుండునా? ఏడేండ్లకు 3.5 కోట్ల డాలర్ల ఒప్పందముతో 2017 చివర ఆయన లింకన్‌కు తిరిగివచ్చినపుడు, పోయిన వైభవమే మనుష్యరూపమున మరలివచ్చినదని రాష్ట్రమంతయు సంబరపడినది.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పదగినది. ఆడినవి 47, గెలిచినవి 16, ఓడినవి 31. 2021లో ఓడిన తొమ్మిది ఆటలలో ఒక్కదానియందైనను అంతరము పది పాయింట్లకు చేరలేదు. అనగా ప్రతి శనివారమును గెలుపు గడపదాక వచ్చి వెనుదిరిగిపోయినదన్నమాట. 2022 ఆగస్టులో డబ్లిన్ నగరమున 11 పాయింట్ల ఆధిక్యముతో నుండి, అవసరము లేని సాహసమొకటి చేయించి ఓడెను. సెప్టెంబరు 10న స్వంత ప్రాంగణముననే జార్జియా సదరన్ చేతిలో 45–42తో ఓడగా, మరునాడే ఆయనను తొలగించిరి. అక్టోబరు 1వ తేదీ వరకు వేచియున్నచో పరిహారము 75 లక్షల డాలర్లతో ముగిసెడిది. అప్పటికప్పుడే పంపినందున 1.5 కోట్ల డాలర్లు చెల్లింపవలసివచ్చెను. మూడు వారములపాటు ఒక మనుష్యుని ముఖమును చూడకుండుటకు ఒక సంస్థ 75 లక్షల డాలర్లను అధికముగా ఇచ్చినదన్న సంగతిని నేనెన్నడును మరువలేకున్నాను. ఆ ధనము అందుకొన్నవానికి భాగ్యమా, అవమానమా? రెండును ఒక్క చెక్కుమీదనే వ్రాయబడియుండుట ఈ కాలపు విచిత్రము.

ఇట్టివానిపై జాలిపడవలెనా అన్నదే ప్రశ్న. ఆ రాష్ట్రపు పెద్దతరమువారి సమాధానము, అంత జీతము పుచ్చుకొన్నవానిపై జాలి అక్కరలేదనుట; దానిని తేలికగా త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము క్రింద 160 ఎకరముల బీడును పొంది, అయిదేండ్లు దానిపైనే నివసించి సాగుచేసిననే గాని హక్కు రాదన్న షరతునకు లోబడి, పచ్చికగడ్డలతో ఇల్లు కట్టుకొని బ్రతికినవారి సంతతి వారు. 1930లలో ధూళి తుపానులు పంటను, పైమట్టిని కలిపి ఎత్తుకొనిపోవుట వారి తాతలు చూచిరి; 1980లలో అప్పులపాలై పొలములు వేలమునకు పోవుట వారి తండ్రులు చూచిరి. 1962 మొదలు ఆ ప్రాంగణమున ఒక్క ఆటకైనను టికెట్టు మిగులనీయనిది ఆ కుటుంబములే. ఉపకారవేతనము లేకుండ, ఆడింతురను నమ్మకమైనను లేకుండ, ఏండ్ల తరబడి జట్టుతో కలిసి సాధన చేయు వాక్‌ఆన్‌లుగా తమ కుమారులను పంపినదియు వారే. “పని చేసి ఫలము రాని నాడు మా తండ్రికి ఎవరేమి ఇచ్చిరి?” అని వారడుగునపుడు ఆ ప్రశ్నయందు అసూయకంటె దుఃఖమే అధికముగా నాకు వినిపించుచున్నది. తమ ఇంటివారి శ్రమకు ఏనాడును లెక్క కట్టని లోకము, మరొకని వైఫల్యమునకు కోట్లలో లెక్క కట్టుట చూచినపుడు కలుగు దుఃఖమది.

అయినను ఆ వాదమునందు రెండు వేర్వేరు మాటలు ఒకదానితో నొకటి పెనవేసుకొనియున్నవి. పెద్ద జీతము పుచ్చుకొనువాడు పెద్ద నిందకు సిద్ధపడవలెననుట మొదటిది, అది న్యాయమే. పెద్ద జీతము పుచ్చుకొనినవాని దుఃఖము దుఃఖమే కాదనుట రెండవది. అది మొదటిదానినుండి పుట్టునది కాదు. తనకు తగని కీడు పొందినవానిపై, అట్టి కీడే మనకును రావచ్చునని తోచినపుడు, జాలి కలుగునని అరిస్టాటిల్ చెప్పెను. సాదృశ్యము లేనిచో జాలి లేదన్నమాట. ధనమట్టి సాదృశ్యమును చెరిపివైచును. 1759లో ఆడం స్మిత్ తన నీతిశాస్త్రగ్రంథమున దీనికి విపరీతమైన దోషమును చూపెను: లోకము రాజుల కష్టమునకు కన్నీరు కార్చినంతగా కూలివాని కష్టమునకు కార్చదని ఆయన ఆవేదన. ఆనాటి దోషమును సవరించుకొనబోయి మనము రెండవ కొనకు పోయి నిలిచితిమేమో యని నా శంక.

మన భారతమునందు ఈ ప్రశ్నకు ఒక రూపమున్నది. ఆ రూపము ద్రోణాచార్యుడు. ధనికుల పిల్లలు పాలు త్రాగుట చూచి తనకును కావలెనని ఏడ్చిన అశ్వత్థామకు పిండి కలిపిన నీరిచ్చిరి. అదియే పాలనుకొని ఆ పసివాడు గంతులు వేసెను. నన్నయ అనువదించిన ఆదిపర్వమునందలి ఆ ఘట్టమును చదివి, బిడ్డలకొరకు ఇష్టము లేని కొలువునకు పోయిన తండ్రులను తలపనివాడుండడు. ద్రోణుడు మొదట బాల్యమిత్రుడైన ద్రుపదుని యొద్దకు పోయి పరాభవము పొందెను. పిమ్మట హస్తినాపురమున రాజపుత్రులకు ఆచార్యుడై ఐశ్వర్యవంతుడయ్యెను. అనగా ఆయన కొలువు పుట్టినది లోభమునుండి కాదు, ఒక గిన్నె పాలు లేకపోవుటనుండి. యుద్ధారంభమున ధర్మరాజు వచ్చి పాదములకు మ్రొక్కినపుడు, పురుషుడు అర్థమునకు దాసుడే గాని అర్థము ఎవనికిని దాసి కాదనియు, కౌరవుల ధనమునకు కట్టుబడితిననియు ఆ వృద్ధుడు మనసువిప్పి చెప్పుకొనెను. తాను పుచ్చుకొన్న దానిని ఆయన దాచలేదు, సమర్థించుకొననులేదు.

పదునొకండవ దినమున సేనాధిపత్యము వహించెను. పదునాల్గవనాడు, కాపాడెదమన్న సైంధవుడు కూలెను. అంతట దుర్యోధనుడు వచ్చి, పాండవులపై ప్రేమచేతనే ఆచార్యుడు చేయి సడలించెనని నిష్ఠురమాడెను. ద్రోణుని గుండెలో నాటినది ఓటమి కాదని నేననుకొందును. తాను ప్రయత్నింపలేదన్న సందేహమే. ఇచ్చిన సొమ్మును దుర్యోధనుడు వెనుకకు తీసుకొనలేదు, తీసుకొన్నను ఆయనకు లెక్క లేదు. పని చేసితినన్న మాటను మాత్రము తనకు వదలుమని ఆ వృద్ధుని మనసు కోరినది, అదియే దొరకలేదు. ఆ రాత్రియు యుద్ధము మానక నడపి, మరునాడు పుత్రుని పేరిట చెప్పిన వార్త విని ఆయన శస్త్రములు విడిచెను. తిక్కన తెనిగించిన ద్రోణపర్వమును చదువువాడు ఎవడైనను, ఆచార్యునికి ముట్టిన ధనమెంత యని లెక్కచూచి కన్నీటిని ఆపుకొనునా?

ఫ్రాస్టును ద్రోణునితో సమానుని చేయుట నా ఉద్దేశము కాదు. జీతము చెల్లినంత మాత్రమున చెల్లిపోని ఋణమొకటి పనియందున్నదని చూపుటకే ఈ ప్రస్తావన. వైఫల్యము పొందినవాడు శ్రమింపలేదనియే లోకము తలచును. మాక్స్ వేబర్ 1904–05లో ప్రకటించిన వ్యాసములలో ఈ తలపునకు మతసంబంధమైన మూలమును వెదకెను. దైవానుగ్రహము ఎవనికి కలదో తెలియక తల్లడిల్లిన కాల్విన్ అనుయాయులు, వృత్తియందలి అభివృద్ధిని ఆ అనుగ్రహమునకు గుర్తుగా భావింపసాగిరని ఆయన నిరూపణ. విశ్వాసము సన్నగిల్లిన తరువాతను అలవాటు మిగిలినది, ఇతర సంప్రదాయములకును వ్యాపించినది. గెలుపు యోగ్యతకు గుర్తు అయినపుడు ఓటమి పాపమునకు గుర్తు కాక తప్పదు. శ్రమకు ఫలము తప్పక కలుగునను ఆ నమ్మకము పిల్లలకు పాఠముగా మంచిదే. తీర్పుగా మాత్రము క్రూరమైనది.

గీతయొక్క పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధచేష్టలు, అయిదవది దైవము. కర్త అయిదింట ఒక్కడు. తానొక్కడనే కర్తనని చూచువాని చూపు సరియైనది కాదని ఆ వెంటనే చెప్పబడినది. ఈ బోధను నేను పలుమారు మననము చేసికొని, ఏడాదికి 50 లక్షల డాలర్ల జీతము పుట్టినది ఏ భావమునుండి యని ఆలోచించితిని. పద్దెనిమిదేండ్ల పిల్లల కాళ్లు, ప్రత్యర్థుల బలము, గాలి, బంతి పడిన తీరు, ఇవన్నియు ఒక్కని చేతిలోనే యున్నవని నమ్మిననే గాని అంత సొమ్ము ఒక్కనికి ఎవ్వరును ఈయరు. ఓడిన నాడు నింద మొత్తము ఒక్కని నెత్తిన వేయువారిది కూడ అదే నమ్మకము. జీతమిచ్చినవారును దూషించినవారును ఒక్క భ్రాంతికి లోనైనవారే; ఆ జీతమును పుచ్చుకొనినవాడును దానిని నమ్మినవాడే కావచ్చును.

ఇచ్చట పతంజలి చెప్పినది మరియొక చిక్కును తెచ్చును. సుఖించువారియెడ మైత్రిని, దుఃఖితులయెడ కరుణను, పుణ్యాత్ములయెడ సంతోషమును, అపుణ్యులయెడ ఉపేక్షను అలవరచుకొన్నచో చిత్తము నిర్మలమగునని యోగసూత్రకారుడు విధించెను. ఒక్క మనుష్యుడే ఒక ఖాతాలో సుఖియు, వేరొక ఖాతాలో దుఃఖియు అయినపుడు ఏది చేయవలెను? రెండును చేయవలెననియే నాకు తోచుచున్నది. ఆయన ధనమునకై విలపింపనక్కరలేదు, దాని కొరకు ద్వేషింపనును వలదు. తండ్రివంటి గురువు పేరు నిలబెట్టవచ్చి, తనను భుజములపై మోసిన ఊరి కన్నులయెదుటనే చిన్నబోయిన ఆ మనసునకు మాత్రము కరుణ చెల్లును. కరుణ పదవిని నిలుపుమని అడుగదు. ఆయనను తొలగించుట ధర్మమే అయియుండవచ్చును.

ఆ రాష్ట్రపు చర్చీలలో క్రీస్తు చెప్పిన ద్రాక్షతోట కథను వినని వృద్ధుడుండడు. ఉదయము మొదలు ఎండలో పనిచేసినవారికిని, సాయంకాలము ఒక్క గడియ పనిచేసినవారికిని యజమాని ఒకే కూలి ఇచ్చెను. ముందు వచ్చినవారు సణిగిరి. ఆ సణుగుడును ఆ కథ హేళన చేయలేదు, వారు ఎండను భరించితిమనుట అసత్యమనలేదు. ఒకని భాగ్యమును తన గాయముగా చేసికొనవలదని మాత్రము వారించినది. నిజమే, ఆ యజమాని ఇచ్చినది స్వధనము. విశ్వవిద్యాలయము దేవుడు కాదు, దాని ఒప్పందములు కృపావర్షములును కావు. వాటిని నిలదీయు హక్కు ఆ పెద్దతరపు రైతునకు నిండుగా కలదు. నిలదీయవలసినది సంతకము చేసినవారిని.

ఆ రైతు నిజముగా కోపగింపవలసిన దినము వేరొకటి యున్నది. 2021 నవంబరులో ఫ్రాస్ట్ జీతమును ఏడాదికి 50 లక్షల డాలర్లనుండి 40 లక్షలకు తగ్గించి ఆయనను పదవియందే నిలిపిరి. ఆ సమయముననే నలుగురు సహాయ కోచ్‌లను పంపివేసిరి. వారికి అంత పరిహారము లేదు, వారి పేర్లకు అంత ప్రచారమును లేదు. ఊరు మారి, పిల్లల బడి మార్చి, మరల మొదటినుండి బ్రతుకు కూర్చుకొనవలసినవారు అట్టివారే. ప్రధాన కోచ్‌కు మాత్రము 2024 డిసెంబరులో సెంట్రల్ ఫ్లోరిడా తలుపు మరల తెరచుకొనెను. జాలికి వరుస యనునదొకటి ఉన్నచో ఆ నలుగురిదే ముందు వరుస యని పెద్దతరమువారు అన్నచో నేను వారి ప్రక్కనే నిలుతును. వడగండ్లకు చేను పోయినవాడు తన చేతగానితనముచేత పోగొట్టుకొనలేదని వారికంటె బాగుగ ఎరిగినవారెవరు? ఆ ఎరుకను ఆ నలుగురివరకు తెచ్చి ఆపక, వారి వెనుకగా ధనమును మూటగట్టుకొని తలవంచి పోయిన తమ ఊరి పిల్లవానివరకును సాగనిండని వారిని వేడుకొనుచున్నాను.