చెప్పి కొట్టడం

మారేడుపల్లిలో మా డైనింగ్ టేబుల్ మీద నెలకో ఆదివారం రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుంది. ఆట పేరు యాక్సిస్ అండ్ అలైస్, గ్లోబల్ 1940. పోయిన నెల నేను జర్మనీ, మా బావమరిది సోవియట్. మొదటి రెండు రౌండ్లు యుద్ధం మాటే ఎత్తకుండా పోలండ్‌లో, రుమేనియాలో టాంకులు పేర్చుకుంటూ పోయాను. మూడో రౌండులో యుద్ధం ప్రకటించి, అదే వంతులో దాడి చేశాను.

బావమరిది పాచికలు పక్కన పెట్టేశాడు. "చెప్పుడు, కొట్టుడు ఒక్కటేసారి అయితే ఇంక చెప్పుడెందుకు బావా?"

రూల్‌బుక్ తీసి చూపించాను. ప్రకటన దాడి కదలికలకి ముందు చెయ్యాలి. ఎంత ముందో రాసి లేదు. ప్రకటించేదాకా ఎదుటివాడి నేల మీద అడుగు పెట్టకూడదు. మన నేల మీద ఎంత సైన్యాన్ని పోగేసినా తప్పు కాదు. పైగా జర్మనీ ఎప్పుడైనా ప్రకటించొచ్చు, సోవియట్ మాత్రం మామూలుగా నాలుగో రౌండుదాకా ఆగాలి. అంటే వాడు నా టాంకుల్ని చూస్తూ కూర్చోవాల్సిందే. ఆఫీసులో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు చదివినట్టే చదివాను: వద్దని లేదు కాబట్టి చెయ్యొచ్చు. ఆట నేనే గెలిచాను. వాడు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

వాడి ప్రశ్న మాత్రం ఉండిపోయింది. 1959లో వచ్చిన డిప్లొమసీ ఆటలో అసలు యుద్ధ ప్రకటనే లేదు. అందరూ ఆజ్ఞలు రహస్యంగా కాగితాల మీద రాస్తారు, ఒకేసారి బయటపెడతారు. మాట తప్పడం అక్కడ ఆటలో భాగం. మరి మా ఆటలో ప్రకటన ఎందుకు పెట్టినట్టు? ఎదుటివాణ్ణి హెచ్చరించడానికి అనుకుందామంటే, టాంకులు వాడికి ముందే కనబడుతున్నాయి. మహాభారతంలోనూ అంతే. కృష్ణుడు రాయబారానికి బయల్దేరేనాటికే రెండువైపులా అక్షౌహిణులు పోగయ్యాయి. రాయబారంతో కౌరవులకి కొత్తగా తెలిసిన సంగతేం లేదు.

నాకు తోచిన జవాబు ఇది: ప్రకటన వినేవాడి కోసం కాదు, చెప్పేవాడి కోసం. ఒకసారి అన్నాక ఇక "ఊరికే సైన్యాన్ని జరుపుతున్నాను" అనడానికి వీల్లేదు. తర్వాత జరిగేదానికి పేరుంది, దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నాడు.

ఈ జవాబు సరైందో కాదో చూసుకోడానికి దూరం పోనక్కర్లేదు. సికింద్రాబాదు పుట్టిందే ఇతరుల సైన్యం కోసం. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత బ్రిటిష్ పటాలాలు ఇక్కడ దిగాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకీ యథాతథ ఒప్పందం కుదిరాక ఇక్కడున్న భారత సైన్యం వెళ్ళిపోయింది. 1948 ఆగస్టు చివర, రజాకార్ల దౌర్జన్యాలు మితిమీరిన రోజుల్లో, ఢిల్లీ రెండు కోరింది: రజాకార్లని నిషేధించాలి, సైన్యాన్ని మళ్ళీ సికింద్రాబాదులో ఉండనివ్వాలి. నిజాం ఒప్పుకోలేదు. సెప్టెంబరు 13న సైన్యం సరిహద్దు దాటింది, 17న నిజాం లొంగిపోయాడు. సైన్యం లోపల పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. బయటికి చెప్పిన పేరు పోలీసు చర్య.

ఆ పేరు వెనక వాదన ఉంది. హైదరాబాదు వేరే దేశం కాదు, కాబట్టి ఇది యుద్ధం కాదు. ఆ వాదన నాకు తప్పుగా కనబడదు. రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకున్న ఇళ్ళల్లో మాదీ ఒకటి. కానీ ఆ రోజుల్లో, ఆ తర్వాతా, జరిగిన హత్యల గురించి ప్రభుత్వమే వేసిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని అంచనా వేసింది. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. పేరు వల్లే ఇదంతా జరిగిందని అనను. యుద్ధమని చెప్పి చేసినవాళ్ళూ ఇంతకంటే ఘోరాలు చేశారు. అయితే పోలీసు చర్య అన్న మాటలో అంతమంది చావు ఇమడదు. ఇమడనిదాన్ని లెక్కలోంచి తీసెయ్యడం తేలిక.

సూర్యాపేట దగ్గరి మా తాత యుద్ధమూ అనలేదు, పోలీసు చర్యా అనలేదు. "మిలట్రీ వచ్చినప్పుడు" అనేవాడు. జరిగింది జరిగినట్టు చెప్పిన మాట అదొక్కటే అనిపిస్తుంది.

మొన్న బావమరిదికి ఫోన్ చేశాను. ఇకనుంచి దాడికి ఒక రౌండు ముందే ప్రకటించాలని ఇంటి రూలు పెట్టుకున్నాం. "మరి టాంకులు పేర్చుడు?" అన్నాడు. దానికి ఏ రూలు రాయాలో నాకింకా తెలియలేదు. పేర్చుతున్నప్పుడు అడిగితే మాత్రం, ఎందుకో నిజం చెప్తానన్నాను.