సంఘ సంవత్సరము – ప్రార్థనా సేద్యము

ధ్యాన భాగములు: ప్రసంగి 3:1–8, యోవేలు 2:12–13, లూకా 11:1–4



సేద్యగాడు తన మనస్సు బాగుగానున్న దినము కొరకు కనిపెట్టి దుక్కి దున్నడు. మృగశిర కార్తె వచ్చి వాన పడగానే నాగలి కట్టును. ప్రార్థన విషయములో మనము అట్లున్నామా? జ్వరము వచ్చినప్పుడు మోకరించుదుము. జ్వరము తగ్గగానే లేచిపోవుదుము. ఒకప్పుడు పల్లెగానుండిన అల్మాస్‌గూడ నేడు ఇండ్ల వరుసలతో పట్టణములో కలిసిపోయినది. దుక్కియు కోతయు చూడని మన పిల్లలకు ఆత్మీయ కాలములనైనను ఎవరు నేర్పుదురు?

పూర్వ సంఘము ఈ పాఠమును ఎరిగియుండెను. ఆగమన కాలమున నాలుగు ఆదివారములు, ఆదివారములు గాక నలువది దినముల శ్రమకాలము, పునరుత్థానము మొదలుకొని పెంతెకొస్తు వరకు ఏబది దినముల ఆనందము, ఆ తరువాత ఎదుగుదలకైన దీర్ఘకాలము. కథోలిక సహోదరులు ఈ క్రమమును శ్రద్ధతో కాపాడిరి. 1963లో వాటికను మహాసభ ఆరాధనలో ప్రజల భాషకు చోటిచ్చెను. ఆ యేడే దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన గ్రంథమును వెలువడెను.

మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. అందులో మూడు గొప్ప రంగుటద్దముల కిటికీలున్నవి: ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. పగటివేళ బయట నిలిచి చూచువానికి అవి నల్లని గాజుపలకలే. లోపలికి వచ్చినవానికి వెలుగులో బొమ్మలు ప్రకాశించును. సంఘ సంవత్సరమును అట్టిదే. బయటనుండి చూచిన అది వట్టి ఆచారము. ప్రార్థనతో లోపల ప్రవేశించినవానికి క్రీస్తు జీవితమంతయు కనబడును.

ఒక తల్లి క్రిస్మసు ముందు బిడ్డను పాతిపెట్టెను. పండుగనాడు అందరు పాడుచుండగా ఆమె నోరు తెరువలేకపోయెను. నేనును ఆమెకు చెప్పదగిన మాట ఎరుగకపోతిని. శ్రమకాలము వచ్చెను. శుభ శుక్రవారమున సిలువయొద్ద నిలిచిన మరియను గూర్చి చదువగా ఆమె మొదటిసారి బిగ్గరగా ఏడ్చెను. సంఘములో ఏడ్చుటకును ఒక దినమున్నదని ఆమె తెలిసికొనెను. ఈస్టరునాడును ఆమె పాడలేదు. అయితే ఈస్టరు ఒక్క దినము కాదు, ఏబది దినములు. దేవుడు ఆమెను తొందరపెట్టలేదు, మనమును తొందరపెట్టరాదు.

అయినను జాగ్రత్త! వస్త్రములను కాదు, హృదయములను చింపుకొనవలెనని యోవేలు హెచ్చరించెను. నలువది దినములు మాంసము మాని పొరుగువానితో మాట మానినయెడల ఆ ఉపవాసము ఎవరికొరకు?

కాబట్టి ప్రతి ఇంట ఈ చిన్న పనులు చేయుదము. ఆగమన కాలమున సాయంకాలము దీపము పెట్టగానే లూకా మొదటి అధ్యాయములో కొంత చదువుడి. శ్రమకాలమున వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి లేనివారికి ఉంచుడి. విరోధియైనవాని ఇంటికి వెళ్లుడి. ఈస్టరు దినములలో దుఃఖములోనున్నవారి యొద్ద కూర్చుండుడి. పెంతెకొస్తు తరువాత విత్తనము మొలచు వేళ, దినమునకు ఒక పొరుగువానిని పేరుపెట్టి ప్రార్థనలో తలంచుడి.

ప్రార్థన: ప్రభువా, మా మనస్సు ఎండిన దినమునను నీ కాలములు తప్పవు. శిష్యులకు నేర్పినట్లు మాకును ప్రార్థింప నేర్పుము. ఆమేన్.