ఏనుగు వీపు, చేప పొట్ట

తిరుత్తణికి వచ్చినవాళ్లు మెట్లెక్కి మురుగన్ దర్శనం చేసుకుని, దిగి బస్సెక్కేస్తారు. కొండ కింద ఊళ్లో ఉన్న వీరట్టానేశ్వరుడి గుడి వైపు అడుగు వేసేవాళ్లు తక్కువ. అది చిన్న రాతి గుడి. పల్లవుల ఆఖరి రోజుల్లో, తొమ్మిదో శతాబ్దం చివర, అపరాజితవర్మ ఏలుబడిలో నంబి అప్పి అనే ఆయన కట్టించాడు. ముందునుంచి తిన్నగా వచ్చిన గోడలు వెనక్కి వెళ్లేసరికి గుండ్రంగా తిరిగి కలుసుకుంటాయి. పైకప్పు పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. శిల్పశాస్త్రంలో దాని పేరు గజపృష్ఠం.

ఇలాంటిది ఈ రోజు ఏ నగరంలోనైనా నలభై అంతస్తుల మేడగా లేస్తే పత్రికల్లో ఎంత గొడవ జరిగేదో! బీజింగ్‌లోని ప్రభుత్వ టీవీ కేంద్రం రెండు కాళ్లు ఎడం చేసి నిలబడ్డట్టుంటుంది. జనం దానికి ‘పెద్ద నిక్కరు’ అని పేరు పెట్టారు. వింత భవనాలు ఇక చాలించండని 2014లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగే అన్నాడు. తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లాకు ఇది పరాయి ఊరి గొడవేమీ కాదు. చెన్నై మహానగర ప్రాంతాన్ని 2022లో 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచారు. ఆ పెరుగుదల ఈ జిల్లా మీదుగానే సాగుతోంది. శతాబ్దాలుగా ఇక్కడ ఆకాశం కింద ఏది ఎత్తుగా కనబడాలో తేల్చింది గుళ్లే. కనుక వింత మేడ నప్పుతుందా అన్న ప్రశ్నలో అందచందాలతో పాటు మతం కూడా ఉంది.

వింత ఆకారమంటే సంప్రదాయానికి పడదనుకోవడం తేలిక, కానీ తప్పు. మామల్లపురంలో ఒకే చోట చెక్కిన ‘పాండవ రథాలు’ చూడండి. ఒకటి గుడిసెలా ఉంటుంది, ఒకటి పొడుగాటి బండి కప్పులా, నకుల సహదేవులది ఏనుగు వీపులా. పక్కనే నిజమైన రాతి ఏనుగునూ నిలబెట్టారు, పోల్చి చూసుకోండన్నట్టు. శ్రీకాళహస్తికి దగ్గర్లోని గుడిమల్లంలో పరశురామేశ్వరుడి విమానమూ గజపృష్ఠమే. పల్నాడు చేజర్లలో కపోతేశ్వరుడి గుడిదీ అదే ఆకారం. అది ఒకప్పుడు బౌద్ధుల ప్రార్థనా మందిరం, అంటే చైత్యమని పండితుల మాట.

అసలు కథ ఆ చైత్యాల్లోనే ఉంది. భిక్షువులు స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేయాలి. స్తూపం గుండ్రం, నడక గుండ్రం, అందుకే గది వెనక గోడా గుండ్రంగా తిరిగింది. దానిమీద చెక్కతో, గడ్డితో వేసిన కప్పు వంగింది. ఇదంతా అయ్యాక ఎవరికో అందులో ఏనుగు కనిపించింది. హైదరాబాద్‌లో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన 2012లో తెరిచిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి భవనం సంగతి దీనికి తలకిందులు. అక్కడ ముందు చేప ఆకారం వచ్చింది, తర్వాత దాని పొట్టలోకి ఆఫీసు గదులు సర్దారు. కళ్లూ రెక్కలూ అన్నీ ఉన్నాయి. పిల్లలకు భలే నచ్చుతుంది, పెద్దలూ ఫొటో దిగుతారు. అయితే లోపల ఫైళ్లు చూసుకునే గుమస్తా పనికీ ఆ తోకకూ ఏ సంబంధమూ లేదు.

ఈ తిరుత్తణిలోనే 1888లో ఒక తెలుగు కుటుంబంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. ఊరు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. తర్వాత ఆంధ్రలోకి వెళ్లి, మళ్లీ మద్రాసు రాష్ట్రానికి మారింది 1960 ఏప్రిల్ 1న. హిందూ మతం కొత్త దేవతలను తరిమేయలేదు, తనలో కలుపుకుంటూ వచ్చిందని ఆయన 1926లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో వాదించారు. దేవుళ్ల రూపాల విషయంలో ఇంత ఉదారత ఉన్నచోట మేడల రూపాలకు అడ్డు చెప్పడం చిన్నబుద్ధే అవుతుంది. కానీ ఆ ఉదారతకూ ఒక పట్టింపు ఉంది. రూపం వెనక ఏదో ఒక అర్థం ఉండాలి. తిరువళ్లూరులో వీరరాఘవస్వామి శాలిహోత్ర మహర్షి తలమీద చెయ్యి పెట్టి శయనించి ఉంటాడు. పడుకున్న దేవుడికి పొడుగాటి గర్భగృహం కావాలి. గది ఆకారం లోపలున్నవాడి భంగిమను బట్టి వస్తుంది.

అంటే లోపలి అవసరం నుంచి పుట్టిన ఆకారమైతే చాలా? చాలదు. లండన్‌లో ఫెన్‌చర్చ్ వీధిలోని 20వ నంబరు మేడ కింద సన్నగా, పైన లావుగా ఉంటుంది. అద్దె ఎక్కువ పలికే పై అంతస్తులు వెడల్పుగా ఉండాలన్నది లెక్క. అదీ లోపలి అవసరమే మరి! 2013లో దాని లోవంపు అద్దాల మీద పడ్డ ఎండ వీధిలోకి మళ్లి, ఆపి ఉంచిన ఒక జాగ్వార్ కారు భాగాలను కరిగించింది.

బయట నిలబడినవాడి గోడు గుళ్లకూ తెలుసు. తంజావూరులో 1010 నాటికి రాజరాజ చోళుడు ఎత్తంతా దేవుడి నెత్తిమీదే పెట్టాడు. విమానం సుమారు 216 అడుగులు. తర్వాతి శతాబ్దాల్లో వరస మారింది. గర్భగుడి పొట్టిగానే ఉండిపోయింది, ప్రాకారం వాకిట్లో గోపురం పెరుగుతూ పోయింది. శ్రీరంగంలో విజయనగర కాలం నుంచి మొండిగా మిగిలిన రాజగోపురం 1987లో 13 అంతస్తులతో, 236 అడుగులతో పూర్తయింది. పూర్తి చేయించింది అహోబిల మఠం 44వ జీయరు. తిరువళ్లూరు వీరరాఘవుడి గుడి కూడా ఆ మఠం నిర్వహణలోదే. గోపుర దర్శనం కోటి పుణ్యమని తమిళులు అంటారు. దూరాన పొలంలో ఉన్నవాడికీ దేవుడు కనబడాలన్న దయ ఆ మాటలో ఉంది. దాని అడుగున ఒక క్రూరత్వమూ ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1947 చట్టం వచ్చేదాకా ఎన్నో గుళ్లలో దళితులకు ప్రవేశం లేదు. తలెత్తి చూడు, లోపలికి మాత్రం రాకు అన్నారు. అద్దాల మేడా అదే అంటోంది. దాని మెలికలు ఊరందరికీ కనిపిస్తాయి, మెడలో కార్డు ఉన్నవాడికే తలుపు తెరుచుకుంటుంది.

2019 నాటి తమిళనాడు భవన నిబంధనలు 18.3 మీటర్లు దాటిన కట్టడాన్ని ఎత్తైన భవనంగా లెక్కకడతాయి. ముందున్న రోడ్డు వెడల్పు చూస్తాయి, విస్తీర్ణం కొలుస్తాయి. వింత మేడకు అనుమతి అడిగేవాడిని ఇంకో రెండు సంగతులు అడగడం న్యాయం: ఈ వంపు లోపల ఎవరికి అవసరం? బయటివాడికి ఇందులో చోటెక్కడ? లండన్ మేడకు అనుమతి ఇచ్చినప్పుడు పై అంతస్తుల్లో అందరికీ ఉచితంగా ఒక తోట ఉండాలని షరతు పెట్టారు. అది 2015లో తెరుచుకుంది, చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. తిరువళ్లూరులో అలాంటి షరతే పెడితే తోటను నేలమీద, రోడ్డు వైపున, గేటు లేకుండా పెట్టమనాలి.