నొప్పి అని చెప్పుకోవడం నేరమా?

కపిలవస్తులో శాక్యులు కొత్తగా సభామందిరం కట్టుకుని, అందులో తొలి అడుగు బుద్ధుడే పెట్టాలని ఆహ్వానించారు. ఆయన వచ్చి రాత్రి బాగా పొద్దుపోయేవరకు ధర్మం బోధించాడు. ఆ తర్వాత శిష్యుడు ఆనందుణ్ని పిలిచి, మిగతాది నువ్వు చెప్పు, నాకు నడుము నొప్పిగా ఉందన్నాడు. నాలుగు మడతలు వేసిన పైవస్త్రం మీద కుడివైపు తిరిగి పడుకున్నాడు. బౌద్ధ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలోని సేఖ సుత్తం ఈ సంగతిని దాచలేదు. పావాలో మల్లుల సభలోనూ ఇలాగే జరిగింది. అక్కడ బోధన కొనసాగించినవాడు మరో శిష్యుడు సారిపుత్తుడు.

దుఃఖానికి మూలం కనుగొన్నవాడే నలుగురిలో నడుము నొప్పి అనడానికి సంకోచించలేదు. చిన్నతనంలో క్యాన్సర్‌ నుంచి బయటపడినవాళ్లలో కొందరికి ఈ మాట ఇప్పుడు కావాలి. రక్తక్యాన్సర్‌కు వాడే స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్లబరుస్తాయి. కిడ్నీలో గడ్డకు ఇచ్చిన రేడియేషన్‌ లేత వెన్నుపూసలకు తగిలి, ఒకవైపు ఎదుగుదల తగ్గితే, పిల్లలు పొడుగయ్యేకొద్దీ వెన్ను వంకర తిరగవచ్చు. జబ్బు పోయిన ఎన్నో ఏళ్లకు, బస్సులో నిలబడాలన్నా బిడ్డనెత్తుకోవాలన్నా నడుము పట్టేస్తుంది.

అలాంటి ఓ అమ్మాయి ఇంట్లో చెబితే, "చావు నోట్లోంచి బయటపడ్డావు, నడుంనొప్పి ఓ లెక్కా? దేవుడికి దణ్ణం పెట్టుకో" అంటారు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నొప్పి ఊసెత్తదు.

సంయుత్త నికాయంలో బుద్ధుడు రెండు బాణాల ఉపమానం చెప్పాడు. ఒంటి నొప్పి మొదటి బాణం. అది జ్ఞానికీ తప్పదు. దాన్ని తలచుకుని మనసు కుమిలిపోవడం రెండోది. ప్రాణం దక్కాక కూడా నొప్పి అంటున్నానే అన్న సిగ్గు ఆ రెండో బాణమే. చాలాసార్లు దాన్ని గుచ్చేది అయినవాళ్లమే.

బతికించినందుకు దేవుడికి జోడించిన చేతులతోనే నడుము పట్టుకోవచ్చు. అందులో కృతఘ్నత లేదు. ఈ శరీరం ఆయన ఇచ్చిందని నమ్మేవాళ్లకు దాని మొర వినడమూ సాధనే. పాత చికిత్స కాగితాలు వెతికి డాక్టరుకు చూపించాలి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం అదుపులో లేకపోయినా ఆ రోజే వెళ్లాలి. పద్మాసనం కుదరకపోతే కుర్చీలో కూర్చుని జపం చేసుకోవచ్చు, అదీ కుదరకపోతే పడుకుని.

ఇంటివాళ్లు ధైర్యవచనాలు తర్వాత చెప్పవచ్చు. ముందు నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగి, ఆమె చేతిలోని నీళ్ల బకెట్‌ అందుకోవాలి.